వలస తర్వాత తెలుగు స్థానంలో పిచ్చి గుర్తులు, కొన్నిచోట్ల ప్రశ్నార్థకాలు: లోపం ఎక్కడ జరిగింది?

వలసబండి
మైఎస్‌క్యూఎల్ 5.5లో ఉన్న డేటాబేసును 8.0కు తరలించాము. పాత టేబుళ్లన్నీ లాటిన్1 (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టికల్లో ఒకటి, పశ్చిమ యూరప్ భాషలది) కారెక్టర్ సెట్‌తో సృష్టించినవి. మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో డంప్ తీసి (అంటే డేటా మొత్తాన్ని ఒక ఫైలులోకి రాసి), ఆ ఫైలులో లాటిన్1 అని ఉన్న ప్రతిచోటా యూటీఎఫ్8ఎంబీ4 (అన్ని భాషల అక్షరాలకూ చోటున్న యూనికోడ్ రూపం) అని మార్చి, కొత్త సర్వరులోకి ఎక్కించాము. ఎక్కించేటప్పుడు ఒక్క ఎర్రరూ రాలేదు, వరుసల లెక్క కూడా రెండు వైపులా సరిపోయింది. తీరా అప్లికేషన్ తెరిచి చూస్తే, తెలుగు పేర్లు ఉండవలసిన చోట తలపై గీత ఉన్న లాటిన్ ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఆ పక్కన ఏదో ఒక విరామచిహ్నం, ఇవే మళ్లీ మళ్లీ కనబడుతున్నాయి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చెక్కుచెదరలేదు. పాత సర్వరు మీద ఇదే అప్లికేషన్ తెలుగును శుభ్రంగా చూపిస్తూ వచ్చింది. ఇంకొక చిక్కు ఏమిటంటే, వ్యాఖ్యల కాలమ్‌లో కొన్ని వరుసల్లో ఈ గుర్తులు కూడా లేవు, వట్టి ప్రశ్నార్థకాలే ఉన్నాయి. కొత్త సర్వరు ఇప్పటికే వాడుకలోకి వెళ్లింది, జనం కొత్త నమోదులు చేస్తూనే ఉన్నారు, కాబట్టి అంతా చెరిపి మళ్లీ మొదలుపెట్టే వీలు లేదు. పాత సర్వరును మాత్రం ఆపివేసి అలాగే ఉంచాము. ఎక్కడి నుండి మొదలుపెట్టాలో చెప్పగలరా?

సరళరేఖ
ఆల్టర్ టేబుల్ ఆదేశంలో కన్వర్ట్ టు కారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని ఇచ్చి చూడండి. చాలామందికి దానితోనే సరిపోయింది.

బైటువేటగాడు
దయచేసి ఇప్పుడే ఏ ఆదేశమూ నడపవద్దు. సరళరేఖ గారు చెప్పినది కాలమ్‌లో ఉన్న అక్షరాలు ఆ కాలమ్‌కు ప్రకటించిన కారెక్టర్ సెట్‌లోనే నిజంగా ఉన్నప్పుడు పని చేస్తుంది. ఇక్కడి సంగతి వేరు. వలసబండి గారి కొత్త టేబుళ్లు ఇప్పటికే యూటీఎఫ్8ఎంబీ4 కనుక ఆ ఆదేశం ఏమీ మార్చదు. పాత సర్వరు మీద నడిపితే మాత్రం ఇదే నష్టాన్ని అక్కడ కూడా చేసి పెడుతుంది.

తెర మీద కనబడే దాన్ని నమ్మకండి. తెరకూ డిస్కుకూ మధ్య కనెక్షన్, డ్రైవరు, టెర్మినల్ అనే మూడు చోట్ల మార్పిడి జరగవచ్చు. అ అనే అక్షరంతో మొదలయ్యే ఒక పేరును ఎంచుకుని, రెండు సర్వర్ల మీదా ఆ కాలమ్‌కు, లోపలి బైట్లను సంఖ్యలుగా చూపే హెక్స్ ఫంక్షన్ వేసి, మొదటి కొన్ని బైట్లు ఇక్కడ రాయండి. ప్రశ్నార్థకాలు ఉన్న ఒక వరుసకు కూడా అలాగే చేయండి.

వలసబండి
హెక్స్ విలువలను దశాంశ పద్ధతిలోకి మార్చి రాస్తున్నాను. పాత సర్వరులో 224, 176, 133 అని ఉంది. కొత్త దానిలో 195, 160, 194, 176, 226, 128, 166 అని ఉంది. ప్రశ్నార్థకాల వరుసలో రెండు చోట్లా 63, 63, 63 అనే వస్తోంది.

బైటువేటగాడు
ఈ మూడు జవాబులతో కథ మొత్తం తెలిసిపోయింది.

యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు యూటీఎఫ్8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటాయి. మొదటి బైటు ఎప్పుడూ 224, రెండవది 176 గానీ 177 గానీ అవుతుంది, మూడవది అక్షరాన్ని బట్టి మారుతుంది. అ అంటే 224, 176, 133. అంటే మీ పాత టేబులు పేరుకు లాటిన్1 అయినా, లోపల ఉన్నది అచ్చమైన యూటీఎఫ్8. అప్లికేషన్ కనెక్షన్ కూడా లాటిన్1 అనే చెప్పుకుంటూ యూటీఎఫ్8 బైట్లను పంపింది. సర్వరు రెండు వైపులా ఒకే కారెక్టర్ సెట్ అనుకుని ఏ మార్పిడీ చేయకుండా దాచింది, అడిగినప్పుడు అలాగే తిరిగి ఇచ్చింది. అందుకే ఇన్నాళ్లూ తెలుగు సరిగానే కనబడింది.

మైఎస్‌క్యూఎల్‌డంప్‌కు మనం ఏమీ చెప్పకపోతే అది యూటీఎఫ్8లోనే డంప్ రాస్తుంది. మీ కాలమ్ లాటిన్1 కదా అని 224ను తలపై గీత ఉన్న ఏ గానూ, 176ను డిగ్రీ గుర్తు గానూ, 133ను మూడు చుక్కల గుర్తు గానూ చదివి, ఆ మూడింటినీ విడివిడిగా యూటీఎఫ్8లోకి మార్చింది. 195, 160 మొదటిది. 194, 176 రెండవది. 226, 128, 166 మూడవది. ఒక్క అక్షరానికి 3 బైట్లు 7 అయ్యాయి. ఆ ఫైలును లాటిన్1 టేబుల్లోకే ఎక్కించి ఉంటే దారిలో మళ్లీ వెనక్కి మారి బాగుపడేది. మీరు టేబుల్ కారెక్టర్ సెట్ మార్చడంతో తిరుగు మార్పిడి జరగలేదు. దీన్నే డబుల్ ఎన్‌కోడింగ్ అంటారు. ఇందులో సమాచారం ఏమీ పోలేదు, పూర్తిగా వెనక్కి తేవచ్చు.

63 అంటే ప్రశ్నార్థకమే. అది పాత సర్వరులోనే ఉంది కనుక ఈ వలసతో దానికి సంబంధం లేదు. ఎప్పుడో ఎవరో నిజమైన యూటీఎఫ్8 కనెక్షన్‌తో ఆ లాటిన్1 కాలమ్‌లోకి తెలుగు రాశారు. లాటిన్1లో తెలుగుకు చోటు లేదు కనుక సర్వరు ఒక్కో అక్షరానికి బదులు ఒక్కో ప్రశ్నార్థకం పెట్టింది. చెల్లని విలువను ఎర్రరుతో ఆపే స్ట్రిక్ట్ మోడ్ ఆ రోజుల్లో దానంతట అది ఆన్‌లో ఉండేది కాదు, 5.7 నుండే అలా వస్తోంది. అందువల్ల ఎర్రరు బదులు ఒక హెచ్చరిక మాత్రమే వచ్చి ఉంటుంది. ఆ వరుసల్లోని తెలుగు ఈ డేటాబేసులో ఇక లేదు.

వలసబండి
రిపోర్టుల కోసం వాడే వేరే ప్రోగ్రాం ఒకటి వ్యాఖ్యల కాలమ్‌లోకి రాస్తుంది. ఆ వరుసలన్నీ దాని ద్వారా వచ్చినవే కావచ్చు, చూస్తాను. మిగిలిన వాటిని బాగు చేసే దారి చెప్పండి.

కొమ్మూపొల్లూ
బాగు చేసేటప్పుడు ఒక గొయ్యి ఉంది, దాన్ని ముందే చెప్పాలి. మా దగ్గర ఇలాంటి డంప్ ఫైలునే పైథాన్ స్క్రిప్టుతో వెనక్కి మార్చారు. యూటీఎఫ్8గా చదివి, విండోస్ 1252 (విండోస్ వాడే పశ్చిమ యూరప్ అక్షరాల పట్టిక)గా రాసి, మళ్లీ యూటీఎఫ్8గా చదవడం దాని పద్ధతి. దారిలో ఎర్రరు వస్తోందని, మార్చలేని వాటిని వదిలేయమనే ఐచ్ఛికాన్ని పెట్టారు. తెలుగు తిరిగి వచ్చింది కానీ పేర్లలో ఉకారం కొమ్ములు, పొల్లులు మాయమయ్యాయి. ఒత్తులన్నీ విడిపోయాయి.

కారణం వెతికితే విషయం తేలింది. విండోస్ 1252 పట్టికలో 129, 141, 143, 144, 157 అనే 5 స్థానాలు ఖాళీ. తెలుగులో ఉకారం కొమ్ము చివరి బైటు 129, పొల్లు చివరి బైటు 141, ఏ చివరి బైటు 143, ఐ చివరి బైటు 144, ఝ చివరి బైటు 157. అరసున్న కూడా 129తోనే ముగుస్తుంది. పొల్లు లేకపోతే ఒత్తు ఉండదు, ఒత్తు లేని తెలుగు వాక్యం ఎంత దూరం వెళ్తుంది? వేరే భాషల వాళ్లకు అరుదుగా తగిలే ఈ ఖాళీలు మనకు దాదాపు ప్రతి పేరులోనూ తగులుతాయి.

బైటువేటగాడు
కొమ్మూపొల్లూ గారు చెప్పినది అక్షరాలా నిజం, దీన్ని అందరూ గుర్తు పెట్టుకోవాలి. మైఎస్‌క్యూఎల్‌లో లాటిన్1 అనేది పేరుకే లాటిన్1, లోపల అది విండోస్ 1252. అయితే ఆ ఖాళీ స్థానాలను వదిలేయకుండా, అదే సంఖ్య గల కంట్రోల్ కోడ్‌లకు జత చేసుకుంది. అందుకే మైఎస్‌క్యూఎల్ లోపల వెనక్కి మారిస్తే కొమ్ము, పొల్లు భద్రంగా వస్తాయి, బయట పైథాన్‌తోనో, ఐకాన్వ్ అనే మార్పిడి సాధనంతోనో మారిస్తే రావు. అసలు ఐఎస్ఓ 8859-1 పట్టికను వాడినా కుదరదు, దానిలో మూడు చుక్కల గుర్తు లేదు. పైథానే వాడి తీరాలంటే ఎఫ్‌టీఎఫ్‌వై అనే లైబ్రరీలో ఈ ఖాళీలను కూడా నింపిన విండోస్ 1252 రూపం ఉంది, దాన్ని వాడండి. మార్చలేని వాటిని వదిలేయమనే ఐచ్ఛికాన్ని ఎవరి డేటా మీదా ఎన్నడూ పెట్టకూడదు.

రాత్రికాపు
కొత్త సర్వరు మీదే ఒక అప్‌డేట్‌తో పని అయిపోతుంది. కాలమ్‌ను లాటిన్1లోకి కన్వర్ట్ చేసి, ఆ ఫలితాన్ని బైనరీగా కాస్ట్ చేసి, దాన్ని యూటీఎఫ్8ఎంబీ4గా కన్వర్ట్ చేయాలి. మూడూ ఒకదానిలో ఒకటి పెట్టి ఒకే వాక్యంగా రాయవచ్చు.

పాతపట్టిక
రాత్రికాపు గారితో నేను ఏకీభవించను. ఆ వాక్యాన్ని షరతు లేకుండా నడిపితే వలస తర్వాత జనం సరిగ్గా నమోదు చేసిన తెలుగు అంతా ప్రశ్నార్థకాలైపోతుంది. సరైన తెలుగును లాటిన్1లోకి మార్చమంటే సర్వరు చేయగలిగినది అదొక్కటే. పిచ్చి గుర్తులను వెనక్కి తేవచ్చు, 63లను తేలేము. పైగా పొరపాటున అదే అప్‌డేట్ రెండవసారి నడిస్తే బాగుపడిన వరుసలు కూడా పోతాయి.

నా సలహా వేరు. పాత సర్వరు చెక్కుచెదరకుండా ఉంది కదా. దాని నుండే మళ్లీ డంప్ తీయండి. ఈసారి డిఫాల్ట్ కారెక్టర్ సెట్ లాటిన్1 అని, స్కిప్ సెట్ కారెక్టర్ సెట్ అని రెండు ఐచ్ఛికాలు ఇవ్వండి. అప్పుడు బైట్లు ఉన్నవి ఉన్నట్టుగా ఫైలులోకి వస్తాయి, అంటే అది నిజమైన యూటీఎఫ్8 ఫైలు అవుతుంది. టేబుల్ నిర్వచనాల్లో మాత్రమే కారెక్టర్ సెట్ మార్చి, యూటీఎఫ్8ఎంబీ4 కనెక్షన్‌తో వేరే పేరున్న డేటాబేసులోకి ఎక్కించండి. తర్వాత ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే విలువ) ఆధారంగా, కొత్త టేబుల్లో ఇంకా పిచ్చి గుర్తులుగానే ఉన్న కాలమ్‌లకు మాత్రం సరైన విలువను నకలు చేయండి. వలస తర్వాత ఎవరైనా దిద్దుకున్న వరుసను ముట్టుకోవద్దు.

ఫైలులో మార్పు చేసేటప్పుడు ఎడిటర్‌తో తెరవకండి. కొన్ని ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను తమకు తోచినట్టు మారుస్తాయి, కొన్ని ఫైలు మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్ల గుర్తును చేరుస్తాయి. సెడ్ లాంటి సాధనంతో టేబుల్ నిర్వచనం ఉన్న వరుసలను మాత్రమే మార్చాలి. లాటిన్1 అనే పదం ఎవరి వ్యాఖ్యలోనో కూడా ఉండవచ్చు.

రాత్రికాపు
షరతు పెట్టాలన్నది ఒప్పుకుంటాను. కానీ అంత పెద్ద డంప్ మళ్లీ తీసి ఎక్కించడం కన్నా షరతుతో కూడిన అప్‌డేట్ తక్కువ సమయంలో అవుతుంది. డబుల్ ఎన్‌కోడింగ్ అయిన తెలుగు అక్షరం ఏదైనా సరే 195, 160, 194 తర్వాత 176 గానీ 177 గానీ వచ్చే 4 బైట్లతోనే మొదలవుతుంది. సరైన తెలుగులో ఆ వరస రాదు. హెక్స్ మీద ఆ నమూనాను వెతికితే చాలు.

బైటువేటగాడు
నమూనా సరైనదే. అయితే హెక్స్‌లో ఒక బైటుకు రెండు గుర్తులు ఉంటాయి కనుక, మామూలు లైక్‌తో వెతికితే ఒక బైటు రెండవ సగం నుండి మొదలై తప్పుగా సరిపోయే వీలుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో మొదటి నుండి జంటలుగా లెక్కించి వెతకాలి.

ఇంకొక షరతు కూడా తప్పనిసరి. అప్లికేషన్ పాత వ్యాఖ్య చివర కొత్త వ్యాఖ్యను అతికిస్తుంటే, ఒకే గడిలో పిచ్చి గుర్తులూ సరైన తెలుగూ కలిసి ఉంటాయి. అలాంటి గడి మీద అప్‌డేట్ నడిపితే సగం బాగుపడుతుంది, సగం నాశనమవుతుంది. విలువను లాటిన్1లోకి మార్చి మళ్లీ యూటీఎఫ్8ఎంబీ4లోకి తెస్తే మొదటి విలువే వస్తోందా అని చూడండి. రాని వాటిని అప్‌డేట్ నుండి తప్పించి, చేత్తో దిద్దండి. అప్‌డేట్‌కు ముందు అదే షరతుతో సెలెక్ట్ చేసి, పాత విలువ పక్కన కొత్త విలువను చూసుకోవాలని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

వలసబండి
వ్యాఖ్యల కాలమ్ సరిగ్గా అలాంటిదే, పాత దాని కింద కొత్తది చేరుతుంది. అందుకని పాతపట్టిక గారి దారిలో వెళ్తున్నాను. వేరే డేటాబేసులోకి ఎక్కిస్తుంటే ఈసారి 1366 ఎర్రరు వచ్చింది, ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ అంటోంది. అది పేర్ల కాలమ్, పాత నిర్వచనంలో వార్‌కార్ 50. బైట్లు చూస్తే చివర 224, 176 అని ఉండి ఆగిపోయింది.

బైటువేటగాడు
చివరి అక్షరం సగంలో తెగిపోయింది. లాటిన్1లో వార్‌కార్ 50 అంటే 50 బైట్లు. అచ్చంగా తెలుగే రాస్తే 16 అక్షరాలకు 48 బైట్లు అవుతాయి, 17వ అక్షరంలో రెండు బైట్లు మాత్రమే పట్టి మూడవది రాలిపోతుంది. ఇక్కడ అక్షరం అంటే యూనికోడ్ లెక్క, గుణింతం గుర్తు, పొల్లు కూడా ఒక్కొక్కటిగా లెక్కకు వస్తాయి. కాబట్టి కాస్త పొడుగాటి పేరు ఏదైనా తెగుతుంది. పాత అప్లికేషన్ ఆ తోకను ఒక నల్ల వజ్రంలో ప్రశ్నార్థకంగా చూపించి ఉంటుంది, లేదా ఏమీ చూపకుండా మింగి ఉంటుంది. ఎర్రరు ఇప్పుడు వచ్చినా తెగినది పేరు నమోదైన రోజునే.

ఆ తోక బైట్లను కత్తిరించి ఎక్కించండి. కత్తిరించిన వరుసల జాబితాను విడిగా దాచి, పూర్తి పేర్లను వేరే ఆధారం నుండి తెప్పించుకోండి. ఎర్రరును తప్పించడం కోసం స్ట్రిక్ట్ మోడ్‌ను ఆపవద్దు. ఆపితే తోక ఒక్కటే కాకుండా, చెడ్డ బైటు ఎక్కడ ఉంటే అక్కడి నుండి మిగతా వాక్యమంతా పోవచ్చు.

సరళరేఖ
పాత సర్వరు నకలు మీదే కాలమ్ రకాన్ని బైనరీకి మార్చి, అక్కడి నుండి యూటీఎఫ్8ఎంబీ4కు మార్చితే డంప్ లేకుండానే పని కాదా? మొదట చెప్పిన ఆదేశం ఎందుకు తప్పో అర్థమయ్యాక ఈ సందేహం వచ్చింది.

పాతపట్టిక
అవుతుంది. బైనరీ మధ్యలో ఉంటే సర్వరు అక్షరాల జోలికి పోదు, బైట్లకు పేరు మాత్రం మారుతుంది. టెక్స్ట్‌ను బ్లాబ్‌గా, వార్‌కార్‌ను వార్‌బైనరీగా మార్చాలి. కార్ రకాన్ని బైనరీకి మార్చితే చివర సున్నా బైట్లు వచ్చి చేరతాయి కనుక దాన్ని కూడా వార్‌బైనరీకే మార్చండి. మాడిఫై ఆదేశంలో నాట్ నల్, డిఫాల్ట్ విలువ మళ్లీ రాయకపోతే అవి ఎగిరిపోతాయి. కాలమ్‌కు ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ ఉంటే ముందు తీసేయాలి.

సూచిక_191
5.5 నకలు మీద ఆ పని చేసేవారికి 1071 ఎర్రరు (ఇండెక్స్ కీ మరీ పొడవు) ఎదురు కావచ్చు. మైఎస్‌క్యూఎల్ డేటాను దాచే ఇంజిన్ అయిన ఇన్నోడీబీ పాత వరుస నమూనాలో ఒక కాలమ్‌కు ఇండెక్స్ పరిమితి 767 బైట్లు. మూడు బైట్ల లెక్కన 255 అక్షరాలు 765తో ఇమిడేవి, నాలుగు బైట్ల లెక్కన 191 వరకే ఇముడుతాయి. 8.0లో డైనమిక్ నమూనా వస్తుంది కనుక పరిమితి 3072 బైట్లు, అక్కడ ఈ తలనొప్పి లేదు.

జావాజాలరి
యూటీఎఫ్8 అని మాత్రమే రాస్తే ఈ వర్షన్లలో మూడు బైట్ల రకమే వస్తుంది. తెలుగుకు మూడు బైట్లు చాలు కనుక పరీక్షల్లో అంతా బాగానే కనబడుతుంది, ఎవరో ఒక ఎమోజీ పెట్టిన రోజున 240తో మొదలయ్యే నాలుగు బైట్లు వచ్చి 1366 పడుతుంది. ఫైలులో ఆ పాత పేరు ఎక్కడైనా మిగిలిందేమో చూసుకోండి.

పోస్ట్‌గ్రెస్_పక్షం
ఇదే పాత డేటాను పోస్ట్‌గ్రెస్‌కు తరలించేవారి కోసం ఒక మాట. అక్కడ సర్వరు యూటీఎఫ్8 అయితే తప్పుడు బైటు ఒక్కటి ఉన్నా లోపలికి రానివ్వదు, ఇన్వాలిడ్ బైట్ సీక్వెన్స్ అని ఆగిపోతుంది. మాకు ఎక్కువగా తగిలింది 146, అంటే వర్డ్ నుండి అతికించిన వంపు కొటేషన్ గుర్తు. క్లయింట్ ఎన్‌కోడింగ్‌ను విండోస్ 1252గా ప్రకటిస్తే అవి సరిగ్గా మారతాయి, కానీ అదే ఫైలులో నిజమైన యూటీఎఫ్8 తెలుగు కూడా ఉంటే దానికి డబుల్ ఎన్‌కోడింగ్ పట్టుకుంటుంది. పట్టుకోకపోతే కొమ్మూపొల్లూ గారు చెప్పిన ఖాళీల దగ్గర ఎర్రరు వస్తుంది. కాబట్టి ఫైలును వరుసల వారీగా విడదీయాలి. యూటీఎఫ్8గా చదవగలిగిన వరుసలు ఒక పక్క, చదవలేనివి మరొక పక్క. విసిగిపోయి డేటాబేసును ఎస్‌క్యూఎల్ ఆస్కీగా సృష్టించేవారు ఉన్నారు, అది మార్పిడినీ తనిఖీనీ రెండింటినీ ఆపేస్తుంది. ఇప్పుడు వలసబండి గారు పడుతున్న పాటు సరిగ్గా అక్కడి నుండే మొదలవుతుంది.

ఒరాకిల్_ఓపిక
ఒరాకిల్‌లో కూడా ఇదే మాయ ఉంది. క్లయింటు తన కారెక్టర్ సెట్ ఏదో చెప్పే ఎన్ఎల్ఎస్ లాంగ్ విలువ, డేటాబేసు కారెక్టర్ సెట్ ఒకటే అయితే ఏ మార్పిడీ జరగదు, తప్పుడు బైట్లు ఏళ్ల తరబడి హాయిగా అటూ ఇటూ తిరుగుతాయి. ఒరాకిల్‌లో యూటీఎఫ్8 పేరైన ఏఎల్32యూటీఎఫ్8కు మారే రోజున బయటపడతాయి. అప్పుడు 12899 ఎర్రరు (విలువ కాలమ్‌లో పట్టదు) కూడా వస్తుంది, ఎందుకంటే వార్‌కార్2లో పొడవు మనం వేరే చెప్పకపోతే బైట్లలో లెక్క. కాలమ్ నిర్వచనంలో కార్ అని స్పష్టంగా రాయాలి. మార్పిడికి ముందు ఏ వరుసలు చెడతాయో చూపించడానికి డీఎంయూ అనే సాధనం ఉంది, దానితో స్కాన్ చేయకుండా అడుగు ముందుకు వేయవద్దు.

వలసబండి
వేరే డేటాబేసులోకి ఎక్కించడం పూర్తయింది, తోకలు కత్తిరించిన వరుసల జాబితా తీసి పెట్టాను, పేర్లూ చిరునామాలూ నకలు చేశాక తెలుగు పూర్తిగా వచ్చింది, ఒత్తులు కూడా ఉన్నాయి. కొన్ని వరుసలు మాత్రం రాత్రికాపు గారు చెప్పిన నమూనాకు దొరకలేదు. వాటిలో 195, 131, 194, 160, 195, 130, 194, 176 అని మొదలవుతోంది. ఈ బైట్లు పాత సర్వరులో లేనివి.

బైటువేటగాడు
అవి డబుల్ కాదు, ట్రిపుల్. తెర మీద పిచ్చి గుర్తులుగా కనబడిన విలువనే ఏదో ప్రోగ్రాం చదివి, దాని యూటీఎఫ్8 బైట్లను లాటిన్1 కనెక్షన్‌తో మళ్లీ రాసింది. ఒకసారి వెనక్కి మారిస్తే 195, 160, 194, 176 వస్తుంది, రెండవసారి మారిస్తే 224, 176. ఒక్కొక్క మార్పిడి తర్వాత ఆగి బైట్లు చూసుకుంటూ వెళ్లండి. అయితే వాటిని బాగు చేయడానికి ముందు అవి ఎక్కడి నుండి వస్తున్నాయో చూడాలి, పాత సర్వరులో లేవంటే రాసే ప్రోగ్రాం ఇప్పటికీ నడుస్తోందన్నమాట. మీరు మొదట్లో చెప్పిన రిపోర్టుల ప్రోగ్రాం పాత్ర కూడా చూడండి. ప్రతి ప్రోగ్రాం కనెక్షన్ లోపలి నుండి షో వేరియబుల్స్ ఆదేశంతో కారెక్టర్ సెట్ క్లయింట్, కనెక్షన్, రిజల్ట్స్ అనే మూడు విలువలనూ తీయండి. టెర్మినల్‌లో మీరు విడిగా లాగిన్ అయి చూస్తే మీ విలువలు వస్తాయే గానీ ఆ ప్రోగ్రాంవి రావు.

వలసబండి
రిపోర్టుల ప్రోగ్రాం మూడు విలువలూ యూటీఎఫ్8ఎంబీ4గానే ఉన్నాయి. రాత్రిపూట చిరునామాలను సరిచూసే మరో ప్రోగ్రాం లాటిన్1తో కనెక్ట్ అవుతోంది, దాని సెట్టింగుల ఫైలు వలసలో ఎవరి చేతికీ రాలేదు. దాన్ని ఆపి, సెట్ నేమ్స్ యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చాము. అది తాకిన వరుసలను పాత డంప్ నుండే మళ్లీ నకలు చేస్తున్నాను.

జావాజాలరి
దాన్ని మళ్లీ నడిపే ముందు కొమ్ము, పొల్లు, ఏ, ఐ, ఝ, ఒక ఎమోజీ కలిపి ఒక పరీక్ష వరుసను రాయించండి. దాని హెక్స్‌ను సర్వరు మీద చూసి, ఆ తర్వాతే అసలు టేబుళ్ల మీదికి వదలండి.